‘ఫార్మాట్’ నొక్కకండి, ముందు కాపీ తీయండి

పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది. ఎక్కించాల్సిన పెళ్లి వీడియో 6 జీబీలే. అయినా ఫైలు మరీ పెద్దదంటూ కంప్యూటర్ మొరాయిస్తుంది. పక్కనున్నవాళ్లు వెంటనే అందుకుంటారు: "ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ కొట్టెయ్, ఎక్కేస్తుంది." నిజమే, ఎక్కుతుంది. ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు, అడ్డు అదే. కానీ ఫార్మాట్ చేస్తే ఆ పెన్‌డ్రైవ్‌లో అప్పటికే ఉన్న ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయని ఆ తొందరలో ఎవరూ చెప్పరు. విండోస్ హెచ్చరిక చూపిస్తుంది. చదవకుండానే ‘ఓకే’ నొక్కేస్తాం.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే, దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. అది చూసి పెన్‌డ్రైవ్ ఖాళీ అయిపోయిందనుకోవద్దు. లోపలి పద్ధతి విండోస్‌కు అర్థం కాలేదు, అంతే. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో తయారైన డ్రైవ్ కావచ్చు. కాపీ అవుతుండగా లాగేయడం వల్ల, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెడిపోయి ఉండవచ్చు. చాలాసార్లు ఫైళ్లు లోపల భద్రంగానే ఉంటాయి. మనం ‘ఫార్మాట్’ నొక్కిన క్షణం నుంచే అసలు నష్టం మొదలవుతుంది. దయచేసి ‘క్యాన్సిల్’ నొక్కి, డ్రైవ్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి.

పద్ధతి మార్చక తప్పకపోతే ముందు అన్నీ వేరే చోటికి కాపీ చేయండి. కాపీ అయిన ఫైళ్లలో నాలుగైదు తెరిచి చూడండి. ఫార్మాట్ చేసేటప్పుడు డ్రైవ్ అక్షరాన్ని రెండుసార్లు సరిచూసుకోండి. పక్కనే గుచ్చి ఉన్న హార్డ్ డిస్క్‌ను పొరపాటున ఎంచుకుంటే పోయేది ఏళ్ల తరబడి దాచుకున్నది. పెద్ద ఫైళ్ల కోసమైతే నా సలహా ఎక్స్‌ఫ్యాట్. విండోస్, మ్యాక్ రెండింట్లోనూ చదవడం, రాయడం కుదురుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను మ్యాక్ చదువుతుంది గానీ, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా అందులో ఏమీ రాయలేదు. పాత టీవీలు, కారు స్టీరియోలు చాలావరకు ఫ్యాట్32నే గుర్తిస్తాయి. పాటల పెన్‌డ్రైవ్‌ను అలాగే ఉంచేయండి.

ఫొటో స్టూడియోలు, నెట్ సెంటర్ల వారికి ఒక విన్నపం. గిరాకీ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను అడగకుండా ఫార్మాట్ చేయకండి. "ఇందులో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయా?" అని ఒక్కమాట అడగండి. ఆ కుటుంబానికి అదే ఏకైక ప్రతి కావచ్చు.

ఇప్పటికే పొరపాటు జరిగిపోయిందా? వెంటనే ఆపేయండి. క్విక్ ఫార్మాట్ ప్రధానంగా పట్టికనే కొత్తగా రాస్తుంది, లోపలి సమాచారం చాలావరకు మిగిలే ఉంటుంది. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రాబట్టే అవకాశముంది. విస్టాలోనూ, ఆ తర్వాత వచ్చిన విండోస్‌లలోనూ ఫుల్ ఫార్మాట్ మాత్రం డ్రైవ్ అంతా సున్నాలతో నింపేస్తుంది, ఆ తర్వాత ఆశ పెట్టుకోలేం. క్విక్ ఫార్మాట్ అయితే ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఒక్క కొత్త ఫైలు కూడా ఎక్కించకండి. దొరికిన ఫొటోలను కూడా అందులో కాకుండా వేరే డిస్క్‌లోనే దాచండి.