బ్యాటరీ బరువు మోసేది ఎవరు, కరెంటు ధర దక్కేది ఎవరికి?

మొన్న సంక్రాంతికి మా ఊళ్లోకి ఎలక్ట్రిక్ కారు వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రాడు తెచ్చాడు. అరుగు మీద కూర్చున్న నలుగురం వెళ్లి చూశాం. వాళ్ల నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎంత కరెంటు తాగుద్దిరా?" అని. "నిండా పట్టాలంటే 30 యూనిట్లు నాన్నా" అన్నాడు. రెండో ప్రశ్న బరువు గురించి. బ్యాటరీ ఒక్కటే రెండుంపావు, రెండున్నర క్వింటాళ్లు ఉంటుందన్నాడు కుర్రాడు. "అంటే మూడు బస్తాల వడ్లు వేసుకుని తిరుగుతున్నావన్నమాట" అన్నాడు పెద్దాయన.

అందరం నవ్వాం. కుర్రాడు కాస్త చిన్నబుచ్చుకుని ఇంకో సంగతి చెప్పాడు. ముందుముందు ఈ కారు కరెంటు తీసుకోవడమే కాదు, సాయంత్రం పూట గ్రిడ్‌కు తిరిగి ఇస్తుంది, దానికి డబ్బులు కూడా ఇస్తారు అని. పెద్దాయన వెంటనే, "యూనిట్ ఎంతకు కొంటారు?" అన్నాడు. దానికి కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మన సంఘం కూడా వెతకాలని నా అభిప్రాయం. కారు కోసం కాదు. రేపు మన చేలోకి రాబోయే ట్రాక్టరు కోసం, ఇప్పటికే నడుస్తున్న మన మోటార్ల కోసం.

ముందు బరువు సంగతి. ఇప్పుడు వాహనాల్లో వాడే బ్యాటరీల్లో ఒక్క యూనిట్ దాచుకోవడానికి పెట్టెతో సహా ఏడెనిమిది కిలోలు కావాలి. ఎక్కువ దూరం పోవాలంటే పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీని మోయడానికి బండి గట్టిగా ఉండాలి, దాంతో బండి బరువు పెరుగుతుంది, ఆ బరువు లాగడానికి మళ్లీ కరెంటు కావాలి. అమెరికాలో అమ్మే హమ్మర్ అనే ఎలక్ట్రిక్ బండి 4 టన్నులు దాటుతుంది. దాని బ్యాటరీయే 1,300 కిలోలకు దగ్గరగా ఉంటుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కారు మొత్తం తూచినా అంత తూగదు. ఒక మనిషి ఆఫీసుకు పోయి రావడానికి ఇంత బరువు ఎందుకని అడిగితే, ఏడాదికి రెండు మూడుసార్లు చేసే దూర ప్రయాణం కోసమట.

మిగతా రోజులన్నీ ఆ బ్యాటరీ ఊరికే పడి ఉంటుంది. సొంత కారు ఎవరిదైనా రోజులో ఎక్కువ గంటలు నిలబడే ఉంటుంది కదా. నిలబడిన బండిలోని కరెంటును గ్రిడ్ వాడుకోవచ్చన్న ఆలోచనను అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన విలెట్ కెంప్టన్ 1997లోనే రాశాడు. మనకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో చేసేదీ ఇదే పని. కరెంటు మిగిలినప్పుడు కిందికి పోయిన నీళ్లను మళ్లీ పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీస్తారు. అక్కడ నీళ్లు, ఇక్కడ బ్యాటరీ.

కొన్ని దేశాల్లో ఇది కాగితం దాటింది. 2011 భూకంపం, సునామీ తర్వాత జపాన్‌లో కరెంటుకు కటకట వచ్చింది. మరుసటి ఏడాదే నిస్సాన్ కంపెనీ తన లీఫ్ కారులోని 24 యూనిట్ల బ్యాటరీతో ఇల్లు నడుపుకునే పరికరాన్ని మార్కెట్లోకి తెచ్చింది. డెన్మార్క్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే చోట 2016 నుంచి పది వ్యాన్లు రాత్రిపూట గ్రిడ్‌కు తోడు నిలిచి దానికి డబ్బు తీసుకున్నాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్. అక్కడ 2024లో 74 ఎలక్ట్రిక్ స్కూలు బస్సులను గ్రిడ్‌కు కరెంటు తిరిగి ఇచ్చేలా ఏర్పాటు చేశారు. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు, ఎండాకాలమంతా సెలవు. బస్సు ఖాళీగా ఉన్న సమయం, గ్రిడ్‌కు కరెంటు కరువైన సమయం చక్కగా కలిశాయి.

ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉండే బండి ఇంకోటి మనకు తెలుసు. దుక్కి, దమ్ము, తోలకాలు అయ్యాక పాకలో నిలబడే ట్రాక్టరు.

2020 డిసెంబరులో సోనాలికా 25.5 యూనిట్ల బ్యాటరీతో ఎలక్ట్రిక్ ట్రాక్టరును విడుదల చేసింది. హైదరాబాదులో పుట్టిన సెలెస్టియల్ కూడా అదే కాలంలో చిన్న ట్రాక్టరు తయారుచేసింది. తోటల్లో మందు కొట్టడానికి, అంతరకృషికి, ట్రాలీ లాగడానికి ఇవి బాగానే పనికొస్తాయి. దమ్ము దగ్గరే అసలు చిక్కు. 45 హార్స్‌పవర్ బండి దమ్ములో గంటకు నాలుగైదు లీటర్ల డీజిల్ కాలుస్తుంది. లీటరు డీజిల్ చేసే పని దాదాపు మూడు యూనిట్ల కరెంటు చేసే పనికి సమానం. ఎనిమిది గంటలు దమ్ము చేయాలంటే 120 యూనిట్ల బ్యాటరీ అయినా ఉండాలి. అంటే వెయ్యి కిలోల దగ్గర. రెండు టన్నుల ట్రాక్టరు మీద ఇంకో టన్ను పెట్టి బురద మడిలోకి దింపితే ఏమవుతుందో డ్రైవర్లను అడగండి. మెట్టదుక్కిలో బరువు మేలే చేస్తుంది. పట్టు కోసం మనమే ముందు దిమ్మలు తగిలిస్తాం, టైర్లలో నీళ్లు పోస్తాం. మాగాణిలో అది కుదరదు. అందుకని పెద్ద బ్యాటరీ ట్రాక్టరు కొనండి, మిగిలిన రోజుల్లో కరెంటు అమ్ముకోండి అని రేపెవరైనా అమ్మకానికి వస్తే, తొందరపడవద్దని నా మాట.

ఎందుకో లెక్క చూడండి. బ్యాటరీ ఖరీదు యూనిట్ సామర్థ్యానికి 12,000 రూపాయలు అనుకుందాం. 3,000 సార్లు నింపి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తీరిందనుకుందాం. అంటే తిరిగి ఇచ్చే ప్రతి యూనిట్‌కూ 4 రూపాయల అరుగుదల. మధ్యాహ్నం 3 రూపాయలకు కరెంటు దొరికిందనుకున్నా, నింపడంలో, తీయడంలో కొంత పోతుంది కాబట్టి ఒక యూనిట్ ఇవ్వడానికి 1.2 యూనిట్లు నింపాలి. అది 3 రూపాయల 60 పైసలు. మొత్తం 7 రూపాయల 60 పైసలు. ఈ లెక్కన డిస్కమ్ 5 రూపాయలిస్తే రైతుకు యూనిట్‌కు 2 రూపాయల 60 పైసల నష్టం. 8 రూపాయలిస్తే 40 పైసలు మిగులు. రోజుకు 15 యూనిట్ల చొప్పున 200 రోజులు ఇస్తే ఏడాదికి 1,200 రూపాయలు. ఒక కూలీకి రెండు మూడు రోజులివ్వడానికి సరిపోతుంది. 10 రూపాయలు ఇస్తే 7,200. వాడినా వాడకపోయినా బ్యాటరీ ముసలిదవుతుంది, కాబట్టి అరుగుదల మొత్తం లెక్కలో వేయకూడదని కొందరంటారు. అందులో కొంత నిజముంది. కానీ దమ్ము రోజుల్లో బ్యాటరీ చేతులెత్తేస్తే బాధపడేది రైతే.

సాయంత్రం కరెంటుకు అంత ధర ఉంటుందా అంటే, ఉంటుంది. విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధరకు కేంద్ర నియంత్రణ సంస్థ 2023లో 10 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. గిరాకీ ఎక్కువున్న సాయంత్రాల్లో ధర ఆ గీతను తాకిన రోజులు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం సోలార్ పుణ్యమా అని అదే కరెంటు చవక. 2021లో ఆంధ్రప్రదేశ్ డిస్కమ్‌లు సోలార్ కరెంటుకు యూనిట్ 2.49 రూపాయల చొప్పున ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం మీద వచ్చిన రచ్చ వేరే కథ. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఉన్న ఈ తేడా ఎవరి జేబులోకి పోవాలన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ మధ్యాహ్నపు కరెంటును ఇప్పటికే ఎవరు మింగుతున్నారు? మన మోటార్లు. రెండు రాష్ట్రాల్లో కలిపి 40 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి. ఒకప్పుడు గ్రిడ్‌కు రాత్రి కరెంటు మిగిలేది, మనకు రాత్రి ఇచ్చేవారు. చీకట్లో బోరు దగ్గరికి పోయి పాము కాటుకు, షాకుకు పోయినవాళ్లు ఏ ఊళ్లో లేరు? ఇప్పుడు పగలు మిగులుతోంది, పగలిస్తున్నారు. పగటి కరెంటు మనం పోరాడి అడిగిందే, మంచిదే. అయినా, గ్రిడ్‌కు ఎప్పుడు కుదిరితే అప్పుడు నీళ్లు తోడుకుంటూ వచ్చింది రైతే. నగరంలో కారు సాయంత్రం రెండు గంటలు కరెంటు ఇస్తే అది గ్రిడ్‌కు సేవ, దానికి ధర. మనం ఇరవై ఏళ్లుగా వేళలు మార్చుకుంటే అది సబ్సిడీ భారం! ఈ లెక్క ఎవరు రాశారో గానీ, సరైన లెక్క కాదు.

ఇక్కడే ఇంకో ప్రమాదం పొంచి ఉంది. వేళను బట్టి ధర మారే పద్ధతికి 2023లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పీక్ గంటల్లో ఎక్కువ, సోలార్ గంటల్లో తక్కువ. వ్యవసాయాన్ని అందులోంచి మినహాయించారు. కరెంటు తిరిగి ఇచ్చే పథకం పల్లెకు వస్తే రెండువైపులా కొలిచే మీటరు తప్పదు. ఆ సాకుతో పంపుసెట్టుకే స్మార్ట్ మీటరు బిగిస్తారేమోనన్న అనుమానం మనవాళ్లకు రావడం సహజం. శ్రీకాకుళం జిల్లాలో పైలట్‌గా మీటర్లు పెట్టినప్పటి నుంచి ఆ గొడవ నడుస్తూనే ఉంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగింది కరెంటు ఛార్జీల మీద పోరాటంలోనే అన్నది మరిచిపోలేం. కనుక బ్యాటరీ మీటరు ఇంటి కనెక్షన్‌కో, వేరే కనెక్షన్‌కో ఉండాలి. మోటారు జోలికి రాకూడదు. ఈ మాట ముందే రాతపూర్వకంగా రావాలి.

అమ్మడం కంటే ముందు సొంత వాడకం చూసుకోవడం తెలివైన పని అనిపిస్తుంది నాకు. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, గంట రెండు గంటల్లో చెరువు తేలిపోతుంది. అందుకని ప్రతి చెరువు గట్టు మీదా డీజిల్ జనరేటరు ఉంటుంది. లీటరుకు మూడు యూనిట్లు లెక్కేసుకుంటే అక్కడ కరెంటు యూనిట్ 30 రూపాయలకు పైనే పడుతుంది. గ్రిడ్‌కు 8 రూపాయలకు అమ్మే యూనిట్ విలువ ఆ గట్టు మీద 30. పైగా చెరువు గట్టు మీద బ్యాటరీకి బరువుతో పనిలేదు. కార్లలో శక్తి తగ్గి తీసేసిన పాత బ్యాటరీలు ఎంత బరువున్నా పాకలో పడి పనిచేస్తాయి. బండికి చిన్న బ్యాటరీ, పాకలో పెద్ద బ్యాటరీ. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వదలుచుకుంటే ఇటువంటి వాటికివ్వాలి. వ్యక్తులకు కాకపోతే సహకార సంఘాలకు, ఫీడరు చివర లో ఓల్టేజీతో మోటార్లు కాలిపోతున్న ఊళ్లకు ఇవ్వాలి. లైను చివర్లో బ్యాటరీ ఉంటే ఓల్టేజీ నిలబడుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి తీరాలి. ఇన్వర్టరైనా జనరేటరైనా తిన్నగా లైనుకు కలిపి ఊళ్లోకి కరెంటు పంపే పని ఎవరూ చేయవద్దు. లైను ఆఫ్ చేశామనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు వేసే మన కుర్రాడు దానికి బలవుతారు. లైను పోగానే తనంతట తాను తెగిపోయే పరికరం లేకుండా ఏ బ్యాటరీనీ గ్రిడ్‌కు కలపకూడదు.

ఏటా నవంబరు నెలాఖరుకు డిస్కమ్‌లు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల లెక్కలను విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించాలి. ఆ తర్వాత బహిరంగ విచారణ ఉంటుంది, ఎవరైనా అభ్యంతరాలు రాయవచ్చు. ఈసారి మన జిల్లా కమిటీలు రాసే అభ్యంతరాల్లో సబ్సిడీ, మీటర్ల విషయంతో పాటు రెండు ప్రశ్నలు చేర్చాలని కోరుతున్నాను. సాయంత్రం పీక్ గంటల్లో రైతు బ్యాటరీ నుంచి ఇచ్చే యూనిట్‌కు ఎంత ధర కడతారు? పగటిపూట మన మోటార్లు సోలార్ కరెంటును వాడుకోవడం వల్ల డిస్కమ్‌కు ఎంత ఆదా అవుతోంది? ఆ రెండో అంకె ఇంతవరకు ఏ లెక్కల పుస్తకంలోనూ మన కంటపడలేదు.