తిరుగును గాని అంటుకొనని బండి



ఇంటిలో దీపము వెలుగకపోయిన యెడల మనము ప్రమిదను వీధిలో పారవేయము. నూనె యున్నదా యని చూతుము. వత్తి తడిసినదేమో యని చూతుము. గాలి కొట్టుచున్నచో చేయి అడ్డము పెట్టుదుము. ఇవి యన్నియు చూచిన పిమ్మటనే ప్రమిద పగిలినదని నిశ్చయింతుము. ఇంతటి వివేకము గల మనమే, వాకిట నున్న కారు ఒక ఉదయమున కదలకపోయినచో, అది మగవారి వ్యవహారమని గుమ్మములో నిలిచిపోవుదుము. ఈ మాసము ఆ విషయమునే ముచ్చటింపదలచితిమి.

మేముండునది కాకినాడ. మా పొరుగున నొక సోదరి కలరు. భర్త గతించి రెండేండ్లైనది, చదువుకొను పిల్లలిద్దరు. ఆయన విడిచిపోయిన పాత చిన్న కారులో ఆమె ప్రతిదినము 20 క్యారియర్ల భోజనము ఆఫీసులకు చేర్చి సంసారము నడుపుకొనుచున్నారు. గత శ్రావణమున నాలుగు దినములు విడువక వాన కురిసినది. ఐదవ ఉదయమున ఆమె తాళము త్రిప్పగా సెల్ఫు గిఱ్ఱున తిరిగినది గాని ఇంజను అంటుకొనలేదు. పిలువగా వచ్చిన మెకానిక్కు రెండు నిమిషములు చూచి, "కార్బురేటరు, పెట్రోలు పంపు రెండును మార్చవలెను, 18,000 రూపాయలగును. లేనిచో పాత ఇనుమునకు అమ్ముకొనుడు" అని చెప్పి వెళ్ళెను. రెండు దినములు భోజనములు ఆలస్యమైనవి. మూడవ దినమున గూడ ఆలస్యమైన యెడల వేరొకరిని చూచుకొందుమని ఇద్దరు ముగ్గురు కబురంపిరి.

ఆ సాయంకాలమున ఆమె మా యింటికి వచ్చి, "వదినగారూ, పదునాలుగేండ్లు ఆ బండిలో ఆయన ప్రక్కన కూర్చుంటిని. దాని మూత ఎత్తగా ఒక్కనాడైనను లోపల చూడలేదు. ఇప్పుడు అమ్మివేయుదునా?" అని అడిగిరి. "అమ్ముటకు ముందు దానిని నాలుగు ప్రశ్నలు అడుగుదము రండు" అని మేము వెంట వెళ్ళితిమి.

పెట్రోలు ఇంజను నడచుటకు నాలుగే కావలెను: పెట్రోలు ఆవిరి, గాలి, సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ, ఆ మిశ్రమమును లోపల అదిమి పట్టు బిగువు. సెల్ఫు బలముగా తిరుగుచున్నచో బ్యాటరీని, సెల్ఫు మోటారును అనుమానింప బనిలేదు. తాళము త్రిప్పినపుడు టకటక మనియో, నీరసముగా మూలిగియో ఊరకున్నచో అది బ్యాటరీ కథ; దానిని మరియొకప్పుడు చెప్పుదుము.

పనికి ముందు కొన్ని జాగ్రత్తలు. బండిని గాలి యాడు చోట నుంచవలెను. మూసిన షెడ్డులో ఇంజను పొగ ప్రాణాంతకము. గేరు న్యూట్రలులో నుంచి హ్యాండు బ్రేకు వేయవలెను. పైట చెంగు నడుమునకు బిగించి, జడ ముడివేసి, గాజులును ఉంగరములును తీసివేయవలెను; బ్యాటరీ కొనలకు బంగారు గాజు తగిలిన యెడల క్షణములో ఎఱ్ఱగా కాలును. దగ్గర దీపముగాని అగ్గిపుల్లగాని ఉండరాదు. సెల్ఫును ఒక్కమారు పది సెకండ్లకు మించి త్రిప్పరాదు. త్రిప్పిన పిదప ఒక నిమిషము విశ్రాంతి నీయవలెను. ఆత్రముతో త్రిప్పి త్రిప్పి బ్యాటరీని చంపుకొన్నచో ఒక రోగమునకు రెండగును.

ఆమె కూర్చుండి తాళము త్రిప్పిరి. మేము చెవి యొగ్గి వింటిమి. ఎప్పటి వేగమే, ఎప్పటి ఒడిదుడుకు ధ్వనియే. ఇది ముఖ్యమైన గుర్తు. ఎన్నడును లేనంత తేలికగా, ఒకే తీరుగా, వేగముగా తిరిగినచో లోపలి టైమింగు బెల్టు తెగియుండవచ్చును. అప్పుడు వెంటనే ఆపవలెను. కొన్ని ఇంజనులలో ఇంకను త్రిప్పినచో వాల్వులు వంగును.

రెండవ ప్రశ్న పెట్రోలు. ముల్లు సగము చూపినంత మాత్రమున నమ్మరాదు; ముల్లు అబద్ధము చెప్పుట కలదు. నెలల తరబడి కదలని బండిలోని పెట్రోలు చెడియుండుటయు కలదు. ఇచట బండి నిత్యము తిరుగునదే. ఒక ప్లగ్గు విప్పి చూచితిమి: కొన తడిసి పెట్రోలు వాసన కొట్టుచున్నది. అనగా పెట్రోలు ఇంజను లోనికి చేరుచున్నది. ఈ ఒక్క తడియే ఆ 18,000 రూపాయల మాటను సందేహములో పడవేసినది.

మూడవ ప్రశ్న నిప్పురవ్వ. విప్పిన చోట పొడిగుడ్డ కుక్కి, పెట్రోలు తడి లేకుండ తుడిచి, వేరొక పొడి ప్లగ్గును ఆ తీగకు తగిలించి, దాని లోహపు ఒడలు ఇంజను లోహమునకు ఆనునట్లు ఆ రంధ్రమునకు దూరముగా నుంచితిమి. చేతితో పట్టుకొనలేదు, అందు పారు కరెంటు 10,000 వోల్టులకు మించును. గుండెలో పేస్‌మేకరు గలవారు ఈ పరీక్షకు దగ్గరనే నిలువరాదు. ఆమె సెల్ఫు త్రిప్పిరి. నీలి రవ్వ టపటపమని రావలెను, రాలేదు. పిమ్మట కాయిలు నుండి డిస్ట్రిబ్యూటరు నడిమికి వచ్చు లావు తీగను ఊడదీసి దాని కొనకు ఆ ప్లగ్గునే తగిలించి చూచితిమి. రవ్వ చక్కగా వచ్చినది! కాయిలు ఇచ్చుచున్నది, ప్లగ్గునకు చేరుటలేదు. దొంగ నడుమ నున్నాడు.

నడుమ నున్నది డిస్ట్రిబ్యూటరు మూత, దాని లోపల తిరుగు రోటరు. మూత బిగింపులు తీసి చూడగా లోపల మంచు పట్టినట్లు చెమ్మ. నడిమి బొగ్గు ముక్క నుండి క్రింది అంచు వరకు వెండ్రుక వంటి నల్లని గీత. సముద్రపు గాలి, నాలుగు దినముల వాన ఆ చెమ్మను తెచ్చినవి. కరెంటు ప్లగ్గుల దాక పోవుట మాని ఆ గీత వెంబడి ఇంజను లోహములోనికి జారిపోవుచున్నది. గీతను చాకు మొనతో మెల్లగా గీకి, మూతను పొడిగుడ్డతో తుడిచి, పొయ్యి వెచ్చన తగులునంత దూరమున ఆరబెట్టితిమి. ప్లగ్గులు కూడ తుడిచి బిగించి తాళము త్రిప్పగా బండి రెండు మారులు దగ్గి, మూడవ మారు అంటుకొనినది. ఆ సోదరి చేతులు స్టీరింగు పైననే యుంచి చాలసేపు మాటలాడలేదు.

అట్లు గీకుట ఆ పూటకే సరి. మరునాడు భోజనములు వేళకు చేర్చి వచ్చుచు ఆమె క్రొత్త మూతను, రోటరును కొనిరి. కొన్ని వందల రూపాయలే అయినవి. ఆ మెకానిక్కు మోసగాడని మేమనము. అతడు చూడకయే ఊహించెను. మనకు ప్రశ్న తెలిసియున్నచో అతడును చూచియుండును. కావున ఎవరైనను సామాను మార్చుమనినపుడు, "ప్లగ్గులో రవ్వ చూచితిరా? ప్లగ్గు తడిగా నున్నదా, పొడిగా నున్నదా?" అని అడుగుడు. ఈ రెండు మాటలకే సగము ఖర్చు తగ్గుట కలదు.

మీ బండిలో దోషము వేరుగా నుండవచ్చును. కాయిలు కొననే రవ్వ లేనిచో కాయిలునకు వచ్చు తీగలను, పాత బండ్లలోని పాయింట్లను, కండెన్సరును చూపింపవలెను. పాయింట్లు మాసియున్నను, ఎడము చెడినను రవ్వ పుట్టదు. ఆ ఎడము అనేక బండ్లలో సుమారు 0.4 మిల్లీమీటరు. రవ్వ బాగుండి ప్లగ్గులు పొడిగా నున్నచో పెట్రోలు ఫిల్టరు, పంపు, కార్బురేటరు వరుసగా చూడవలెను. రవ్వ బాగుండి ప్లగ్గులు మరీ తడిసియున్నచో పెట్రోలు ముంచెత్తినది: పావుగంట ఆగి, చోకు లోనికి నెట్టి, యాక్సిలరేటరును పూర్తిగా అదిమి యుంచి సెల్ఫు త్రిప్పవలెను, మాటిమాటికి త్రొక్కరాదు. ఇంజెక్షను గల తరువాతి బండ్లలో తాళము త్రిప్పగనే వెనుక పెట్రోలు పంపు రెండు సెకండ్లు సన్నగా రొద చేయుట చాల వానిలో వినబడును. వినబడనిచో ఫ్యూజును, రిలేను చూపింపుడు. ఆ బండ్లలో తీగ ఊడదీసి రవ్వ చూచుట మాత్రము మనము చేయరాదు, కంప్యూటరు చెడవచ్చును.

ఈ పని స్త్రీలకు క్రొత్తదని యెవరైనను నవ్విన యెడల వారికి బెర్తా బెంజు కథ చెప్పుడు. 1888 ఆగస్టులో ఆమె, భర్త కార్లు బెంజునకు ముందుగా చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని జర్మనీలో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు, 100 కిలోమీటర్లకు పైగా, ఆయన చేసిన మోటారు బండిలో ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీ పిన్నుతో పొడిచి తెరచెననియు, తీగ ఒరసిపోగా మేజోటి పట్టీ చుట్టి కాపాడెననియు చెప్పుదురు. వీస్‌లోహు పట్టణమున మందుల అంగడిలో ఇంధనము కొనెను. చూడుడు: ఆమె వెదకినవియు ఇవియే, ఇంధనపు దారి, కరెంటు దారి.

మా పొరుగు సోదరి ఇప్పుడు వానకాలమున ఆదివారమునాడు బండి మూత ఎత్తి, తాళము తీసియుంచి, డిస్ట్రిబ్యూటరు మూతను తుడుచుకొనుచున్నారు. ఆమె పెద్ద కుమార్తె ప్రక్కన నిలుచుండి చూచుచుండును. ఆ బిడ్డకు రేపు ఎవరును, "నీకేమి తెలియును?" అని 18,000 రూపాయలు అడుగజాలరు. మీ యింటి బండి మూతను గూడ ఈ మాసము ఒక్కమారు, బండి బాగున్నప్పుడే, ఎత్తి చూడుడు. పాడైన నాటి తొందరలో కంటె బాగున్న నాటి తీరికలో నేర్చినది చక్కగా గుర్తుండును.