లేఅవుట్‌లో ఆ యాభై సెంట్లు ఎక్కడ?

గత నెల ఏడో తరగతికి మ్యాపుల పాఠం చెబుతూ, మీ ఇంటి చుట్టుపక్కల మ్యాపు గీసుకురండి అన్నాను. పిల్లలు గుడి, కిరాణా కొట్టు, ట్రాన్స్‌ఫార్మర్, ఆఖరికి కుక్కలుండే సందు కూడా గీశారు. ఒక బాబు మాత్రం మూలన పచ్చరంగు చదరం వేసి "పార్క్" అని రాశాడు. అక్కడ ఆడుకుంటారా అని అడిగాను. "లేదు మేడమ్, అక్కడ ఇసుక, పిక్క, తుప్పలు ఉంటాయి. నాన్న దగ్గరున్న ప్లాన్ కాగితంలో పార్క్ అని ఉంది, అందుకే వేశాను" అన్నాడు.

మార్కులు వేసేశాను గానీ, ఆ చదరం నా బుర్రలోంచి పోలేదు.

మన రాష్ట్రంలో అనుమతి తీసుకుని లేఅవుట్ వేసేవారు మొత్తం స్థలంలో కనీసం 10 శాతం ఖాళీగా వదలాలి. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని కూడా గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అయిదెకరాల లేఅవుట్ అయితే అది అర ఎకరం, అంటే యాభై సెంట్లు. గజాల్లో చెప్పాలంటే 2,420. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. మీరు ప్లాటుకు గజానికింత అని కట్టిన డబ్బులో దాని ఖరీదు కూడా కలిసే ఉంటుంది. ప్లాటు కొనేటప్పుడు తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా, రోడ్డు ఎన్ని అడుగులు అని వందసార్లు అడుగుతాం. ఆ పది శాతం ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది అని మాత్రం అడగం. మా ఇంట్లోనూ అడగలేదు.

అనుమతి లేని లేఅవుట్‌లో ఈ స్థలమే ఉండదు. తర్వాత క్రమబద్ధీకరణకు వెళితే ఓపెన్ స్పేస్ చార్జీలు కట్టించుకుంటారు. కాగితాలు సరవుతాయి. కానీ ఇళ్లు నిండిపోయిన వీధిలో ఆ డబ్బుతో ఆటస్థలం ఎక్కడ కొంటారు?

ఇది వీధి సంగతి. ఊరి మొత్తానికి మాస్టర్ ప్లాన్ ఉంటుంది. మన అనకాపల్లి 1978లో వచ్చిన వుడా పరిధిలో ఉండేది. అదే 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. 2041 వరకు వేసిన మాస్టర్ ప్లాన్ ముసాయిదాను 2021లో బయటపెట్టి ప్రజల అభ్యంతరాలు అడిగారు. ఇలాంటి మ్యాపుల్లో సాధారణంగా ఇళ్లకు పసుపు, పార్కులకు పచ్చ, బడులు, ఆసుపత్రుల వంటి వాటికి ఎరుపు వాడతారు. అయితే మ్యాపులో రంగు వేసినంత మాత్రాన ఆ భూమి ప్రభుత్వానిది అయిపోదు. అది ఒక రైతు చెరుకు చేను కావచ్చు. రంగు పడ్డాక ఆయన ఇల్లు కట్టుకోలేడు, మంచి ధరకు అమ్ముకోలేడు, పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన కోపం న్యాయమైనదే. మహారాష్ట్ర చట్టం దీనికో గడువు పెట్టింది. పదేళ్లలో భూమి సేకరించకపోతే యజమాని నోటీసు ఇవ్వొచ్చు, అప్పటికీ కదలకపోతే ఆ రిజర్వేషన్ రద్దవుతుంది. నాకది సబబుగానే తోస్తుంది. తీసుకుంటే తీసుకోవాలి, లేదంటే వదిలేయాలి.

కానీ ఒకసారి పార్కుగా మన చేతికొచ్చిన స్థలం విషయం వేరు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే, ఆ కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆసుపత్రి మంచిదే, అయినా పార్కు స్థానంలో కాదు అన్నది దాని సారాంశం. గమనించాల్సింది ఏమిటంటే, కోర్టుకెళ్లింది ఏ పెద్ద సంస్థో కాదు, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లే.

మనకు ఇప్పుడే ఇది ఎందుకంటే, 2022 ఏప్రిల్ 4 నుంచి మనది జిల్లా కేంద్రం. అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలు, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు పని. జనం వస్తారు, పిల్లలూ వస్తారు. వాళ్లకు అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రం, లైబ్రరీ కావాలి. ఇవాళ సెంట్లలో దొరికే జాగా రేపు గజాల్లో కూడా దొరకదు. (మన స్కూలు ఆటస్థలం ఎంతుందో మీకు తెలుసు. ఈ వాక్యం అచ్చయితే ఎడిటర్ గారికి ధన్యవాదాలు.) సాయంత్రం బడి వదిలాక పిల్లలకు మిగిలేది ఆ లేఅవుట్ జాగానే. అది కూడా పోతే ఫోనే గతి. తర్వాత పిల్లాడు ఫోను వదలట్లేదని మీరే నా దగ్గరకు వచ్చి చెబుతారు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు మీ లేఅవుట్ ప్లాన్ జెరాక్స్ ఒకటి తెండి. ప్లాన్‌లో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ పక్కపక్కనే పెట్టి పిల్లలు చార్టు చేస్తారు. తేడా కనిపిస్తే మున్సిపల్ కార్పొరేషన్‌కో పంచాయతీకో అర్జీ ఎలా రాయాలన్నది వాళ్ల తర్వాతి పాఠం. తెలుగులోనూ రాయిస్తాను, ఇంగ్లీషులోనూ. కింద సంతకం మాత్రం మీరే పెట్టాలి.