“కేసు కోర్టులో వుంది” అనే సాకు

మన సంఘ కార్యాలయాలలో తరచు వినబడే వాక్యం ఒకటి వుంది. అన్యాయానికి గురైన సభ్యుడు వచ్చి అడిగితే, “కేసు కోర్టులో వుంది, ప్రస్తుతం మనం చేయగలిగిందేమీ లేదు” అని కార్యదర్శి సెలవిస్తాడు. యాజమాన్యం కూడ అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట చెబుతుంది. ఉభయుల నోటా ఒకే మాట వెలువడినప్పుడు కార్మికుడు అనుమానించక తప్పదు. ఈ సాకు ఖరీదెంతో భిలాయి కార్మికులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

రైల్వే సోదరులకు భిలాయిని పరిచయం చేయనక్కరలేదు. మనం నడిచే పట్టాలు అక్కడ తయారైనవే. ఆ కర్మాగారాన్ని, దాని చుట్టూ వెలసిన పరిశ్రమలను నిలబెట్టిన చేతులలో వేలాది తెలుగు చేతులు కూడ వున్నాయి. ఉక్కు కర్మాగారపు పర్మనెంటు ఉద్యోగి ఒక లోకం. దల్లీ రాజహరా ఇనుప గనులలోను, ప్రైవేటు ఇంజనీరింగు పరిశ్రమలలోను పనిచేసే కాంట్రాక్టు కూలీ మరొక లోకం. ఆ రెండవ లోకాన్ని సంఘటితపరచినవాడు శంకర్ గుహా నియోగీ. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలోని తన ఇంట నిద్రిస్తుండగా కిటికీ గుండా ఆయనను కాల్చి చంపారు. తన ప్రాణానికి ముప్పు వుందని ఆయన ముందే గ్రహించి, ఆ మాటలను క్యాసెట్టులో నమోదు చేసి వుంచారు.

తొమ్మిది నెలల అనంతరం, 1992 జూలై 1న, పనినుండి తొలగింపబడిన కార్మికులు భిలాయి పవర్‌హౌస్ రైల్వే స్టేషను వద్ద పట్టాలపై బైఠాయించారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా కార్మికులు నేలకొరిగారు. ఆ పట్టాలు అప్పటి ఆగ్నేయ రైల్వేవి. ఈ సంగతిని మన రైల్వే సంఘాలు ఎన్ని పర్యాయములు స్మరించాయో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

ఇక హత్య కేసు. సి.బి.ఐ. దర్యాప్తు చేసింది. 1997 జూన్‌లో దుర్గ్ సెషన్స్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా పలువురికి యావజ్జీవ శిక్షను, తుపాకి పేల్చిన వ్యక్తికి మరణశిక్షను విధించింది. సరిగ్గా ఏడాదికి, 1998 జూన్‌లో, జబల్‌పూర్ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2005 జనవరి 20న సుప్రీంకోర్టు తుపాకి పేల్చిన వ్యక్తికి మాత్రం యావజ్జీవ శిక్ష విధించి, మిగిలినవారి విడుదలను ఖాయపరచింది. పదమూడు సంవత్సరాలకు పైగా సాగిన వ్యాజ్యంలో కాల్చిన చెయ్యి తేలింది. ఆ చేతికి పని పురమాయించినది ఎవరన్న ప్రశ్నకు సమాధానం నేటికీ లేదు.

“చూశారా, కోర్టులను నమ్ముకుంటే ఇంతే” అని వెంటనే అనేవారున్నారు. వీరి వాదం కార్యదర్శిగారి సాకుకు తోబుట్టువే. కేసును ప్లీడరుకు అప్పగించి మరచిపోవడము, కోర్టు గుమ్మమే తొక్కరాదని శపథం పట్టడము, రెండింటి ఫలితమూ ఒక్కటే: యజమాని తరఫు న్యాయవాది ఎదురులేకుండా వాదిస్తాడు.

భిలాయి కార్మికులు ఈ రెండు దారులనూ కాదన్నారు. 1980వ దశకం నుండి తమ మధ్యనే పనిచేస్తున్న సుధా భరద్వాజ్‌ను న్యాయశాస్త్రం చదవమని వారే ప్రోత్సహించారు. 2000లో ఆమె న్యాయవాది అయ్యారు. ఆ పిదప బిలాస్‌పూర్ హైకోర్టు కేంద్రంగా “జనహిత్” అనే న్యాయవాదుల బృందం ఏర్పడింది. సంఘం తన కేసులు తానే నడుపుకోవడమంటే ఇదీ.

దీని అవసరం ఎంతటిదో 2001 ఆగస్టు 30 నాటి తీర్పు తెలియజేస్తుంది. భిలాయి కర్మాగారపు యజమాని అయిన స్టీల్ అథారిటీయే ఆ వ్యాజ్యంలో కక్షిదారు. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు వాటంతటవే పర్మనెంటు కారని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కాంట్రాక్టు బూటకమని కార్మికులు పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువు చేస్తేనే ఉపశమనం. ఎలా రుజువు చేస్తారు? పని పురమాయించినది కాంట్రాక్టరా, కంపెనీ ఫోర్‌మనా? హాజరు ఎవరు వేశారు? సెలవు ఎవరు మంజూరు చేశారు? గేటు పాసుపై ఎవరి ముద్ర వుంది? కాంట్రాక్టరు మారినా అదే కూలీ అదే యంత్రం వద్ద ఎన్నేళ్ళు నిలబడ్డాడు? ఇవేవీ న్యాయగ్రంథాలలో దొరకవు. కూలీ బస్తీలో, ట్రంకుపెట్టె అడుగున, నలిగిన కాగితాలలో దొరుకుతాయి. వాయిదానాడు మాత్రమే కక్షిదారు ముఖం చూసే ప్లీడరు వీటిని తేలేడు. తేగలిగినది సంఘమే.

ప్రభుత్వానికి కూడ ఈ విషయం బాగుగా తెలుసు. 2018 ఆగస్టు 28న భీమా కోరెగాఁవ్ కేసులో సుధా భరద్వాజ్‌ను అరెస్టు చేశారు. అదేరోజు హైదరాబాదులో వరవరరావును అరెస్టు చేశారు. 2021 డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆమెకు బెయిలు ఇచ్చేనాటికి మూడేళ్ళు గడిచాయి. విచారణ ఆరంభమే కాలేదు. కార్మికుల పక్షాన వాదించే న్యాయవాది మూడేళ్ళు కోర్టుకు దూరమైతే ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

మన ఇంటి చరిత్రను కూడ మరువరాదు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులలో వున్నవారేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. నేటి గ్రామీణ డాక్ సేవకులకు ఆ తీర్పు పెట్టనికోట. రైల్వే ప్రాజెక్టుల క్యాజువల్ కార్మికులకు 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసు దారి తెరిచింది. ఈ కేసుల పేర్లు తెలిసిన సభ్యులు మన శాఖలలో ఎందరు? ట్రిబ్యునల్‌లో తమ బకాయిల కేసు ఏ దశలో వుందో చెప్పగల కార్యదర్శులు ఎందరు? స్టేషన్లను శుభ్రపరిచే కాంట్రాక్టు కార్మికుని గేటు పాసు నకలు ఒక్కటైనా మన బీరువాలో వున్నదా?

కనుక ప్రతి శాఖ తన పెండింగు కేసుల పట్టికను నోటీసుబోర్డుపై అతికించాలి: కేసు నెంబరు, గత వాయిదా తేదీ, ఆనాడు ఎవరు ఏమి వాదించారు, వాయిదా కోరినది ఎవరు, తదుపరి తేదీ. ప్రతి వాయిదాకు ఇద్దరు సభ్యులు కోర్టులో కూర్చోవాలి. న్యాయశాస్త్రం చదవగోరే యువ సభ్యునికి శాఖ నిధి నుండి రుసుము చెల్లించాలి. “కేసు కోర్టులో వుంది” అని చెప్పే కార్యదర్శిని సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి అడగండి: ఏ కోర్టులో, ఏ నెంబరు, ఏ తేదీకి?