మా గోడలు చదవని కెమెరా

2007లో మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ మర్నాటి నుంచి పాతబస్తీ గల్లీల నిండా టీవీ కెమెరాలే. అప్పుడు నేనొక ఉర్దూ పత్రిక డెస్కులో కూర్చునేవాణ్ణి. ఒక ఛానెల్ కెమెరామన్ మా గల్లీ మలుపులో ఉన్న గోడను పైనుంచి కిందికి చాలాసేపు తీసుకున్నాడు. గోడమీద ఉర్దూలో పెద్దపెద్ద అక్షరాలు. రాత్రి వార్తల్లో ఆ గోడ వచ్చింది. వెనకనుంచి ఒక బరువైన గొంతు ఉగ్రవాదం వేళ్ళ గురించి చెబుతోంది. ఇంతకీ ఆ గోడమీద ఏం రాసుందంటారా? ఇక్కడ మూత్రం పోయరాదు అని!

అమ్మీ కడుపు పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లోనే పాతబస్తీ కుర్రాళ్ళను వరసపెట్టి పట్టుకుపోతున్నారు. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలేశాయి. ఆ గోడ బొమ్మను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

చదవడం రాని అక్షరం మీకెందుకు బాంబులా కనిపిస్తుంది? ఈ ప్రశ్న ఒక్క హైదరాబాదుది కాదు. అలాంటి గోడనే 2015లో ఒక అమెరికన్ సీరియల్ ప్రపంచం మొత్తానికి చూపించింది.

ఆ సీరియల్ పేరు 'హోమ్‌లాండ్'. సీఐఏలో పనిచేసే ఒక తెల్ల స్త్రీ ముస్లిం ఉగ్రవాదుల్ని దేశదేశాల్లో వెంటాడుతూ ఉంటుంది. 2011లో మొదలై 2020 దాకా 8 సీజన్లు, 96 భాగాలు నడిచింది. మొదట నెల్సన్ క్రాగ్ కెమెరా పట్టాడు. తర్వాత వచ్చి ఏళ్ళ తరబడి పనిచేసినవాడు డేవిడ్ క్లైన్. పనిమంతుడు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. నా తగాదా ఆ ఒక్క మనిషితో కాదు, ఆయన బతుకుదెరువు నడిచిన దారితో.

ఆ దారి ఒక చిన్న కొట్లో మొదలైంది. వాంకూవర్ ఫిల్మ్ స్కూల్లో క్లైన్‌కు కెవిన్ స్మిత్ అనే కుర్రాడు స్నేహితుడయ్యాడు. స్మిత్ న్యూజెర్సీలో ఒక చిల్లర కొట్లో పనిచేసేవాడు. ఆ కొట్లోనే 'క్లర్క్స్' సినిమా తీశారు. 16 ఎంఎం, బ్లాక్ అండ్ వైట్, ఖర్చు సుమారు 27 వేల డాలర్లు. 1994లో విడుదలైంది. పగలు కొట్టు నడవాలి కాబట్టి రాత్రిళ్ళు తీశారు. చూసేవాళ్ళకు పగలని నమ్మకం కలగాలి గదా, అందుకని షట్టర్లు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదని కథలోనే పెట్టారు. బయట ఒక దుప్పటి వేలాడదీసి, కొట్టు తెరిచే ఉందని బూటుపాలిష్‌తో దానిమీద రాశారు. ఆ దుప్పటి ఆ సినిమాకే గుర్తయిపోయింది. ఒక కొట్టు మనిషి చేత్తో రాసుకున్న అక్షరాల్ని, రాసినవాడి అవస్థతో సహా, ఆ కెమెరా ఎంత బాగా చదివిందో చూడండి. తెల్లవాళ్ళ చిల్లర కొట్టు కాబట్టి చదివింది. అది తన ఊరు.

అదే చేయి మా ఊళ్ళకు వచ్చేసరికి ఏమైంది? అసలు రానే లేదు. బేరూత్‌లోని హమ్రా వీధిని సాయుధ ముఠాల అడ్డాగా చూపించారు. తీసింది ఇజ్రాయెల్‌లో! కాఫీ హోటళ్ళతో, పుస్తకాల షాపులతో కళకళలాడే వీధి అది. 2012లో లెబనాన్ పర్యాటక మంత్రి దావా వేస్తానని లేచాడు. నాలుగో సీజన్‌లో ఇస్లామాబాద్ అని చూపించింది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌ని. మర్గల్లా కొండల కింద పచ్చగా ఉండే నగరాన్ని మురికి నరకంలా చూపించారని పాకిస్తాన్ దౌత్యాధికారులు మొత్తుకున్నారు. బేరూత్ అయినా, ఇస్లామాబాద్ అయినా, మా మొగల్‌పురా అయినా ఈ కళ్ళకు ఒకటే. దుమ్ము, ఇరుకు గల్లీ, బుర్ఖా, వెనకాల అజాన్. కెమెరా చేతిలో వణుకుతూ ఉంటే చాలు, చూసేవాడి గుండె దడదడలాడుతుంది.

ఇక 2015. ఐదో సీజన్ బెర్లిన్‌లో తీశారు. ఊరి చివర సిరియా శరణార్థుల క్యాంపు సెట్టు వేశారు. గోడలమీద అరబ్బీ రాతలుంటే సహజంగా ఉంటుందని కొందరు చిత్రకారుల్ని పిలిచారు. హెబా అమీన్, కరమ్ కాప్, స్టోన్ అనే పేరుతో పనిచేసే మరొకాయన రంగు డబ్బాలు పట్టుకుని వెళ్ళి రాశారు. 'అల్ వతన్ ఉన్సురీ' అని రాశారు. అంటే 'హోమ్‌లాండ్' జాత్యహంకారి అని. 'హోమ్‌లాండ్' పుచ్చకాయ అని ఇంకో చోట రాశారు. అరబ్బుల వాడుకలో పుచ్చకాయ అంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేని సరుకు. సెట్టుమీద అంతమంది ఉన్నారు, ఒక్కరూ అడగలేదు. కెమెరా ఆ గోడల్ని శ్రద్ధగా, వెలుగునీడలు సరిచూసుకుని తీసింది. ఆ అక్టోబర్‌లో ప్రసారమైంది. చిత్రకారులు బయటపెట్టాక గాని తీసినవాళ్ళకు సంగతి తెలియలేదు. తమ సీరియల్ మీద తిట్టును తామే డబ్బిచ్చి రాయించుకుని, తామే అందంగా చూపించుకున్నారు. వతన్ అనే మాట మా అమ్మీకి చూపిస్తే చదివేది. ఆమె చదివింది నాలుగో తరగతి.

కెమెరామన్ పని వెలుగు చూసుకోవడం, రాతలు చదవడం కాదుగదా అంటారు. ప్రెస్ క్లబ్బులో నాతో ఈ మాట అన్న మిత్రుడు కూడా కెమెరామనే. నేనడిగాను: నువ్వొక తెలుగు సినిమా తీస్తున్నావు, గుడి గోడమీద తెలుగులో బూతు రాసుంది. వెలుగు బాగుందని తీసేస్తావా? నోరు మెదపలేదు.

తెలియని సంగతి తెలుసుకోవడం కుదరని పనేమీ కాదు. దూరదర్శన్‌లో 1988 నుంచి 1990 దాకా మీరంతా కళ్ళకద్దుకుని చూసిన 'మహాభారత్' సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా. గంగౌలీ ఊరి ముస్లిం. భారతం రాయడానికి ముస్లిం తప్ప ఎవరూ దొరకలేదా అని ఉత్తరాలు వచ్చాయి. అయినా రాశాడు. ఒక్క మాట తప్పుపోయినా ఆయన్ను బతకనిచ్చేవారా? మేం తప్పు రాయకూడదు. వాళ్ళు మాత్రం గోడలకు గోడలే చదవకుండా తీసేయొచ్చు.

క్లైన్ ఆ తర్వాత ఇంకా పైకెళ్ళాడు. 'స్టార్ వార్స్' కథల్లోదైన 'ద బుక్ ఆఫ్ బోబా ఫెట్' సీరియల్‌కు పనిచేసిన ఛాయాగ్రాహకుల్లో ఆయనొకడు. అందులో ఎడారి గ్రహాన్ని స్టూడియోలో పెద్దపెద్ద ఎల్ఈడీ తెరలమీద పుట్టిస్తారు. ఆ గ్రహం పేరు టాటూయిన్. ట్యునీషియాలోని ఒక అరబ్బు ఊరి పేరది. ఊరి పేరు, ఇసుక తీసుకున్నారు, మనుషుల్ని వదిలేశారు. ఆ లోకానికి ఆరెబెష్ అనే ఒక లిపి కూడా కల్పించారు. భూమ్మీద ఏ తల్లీ తన బిడ్డతో ఆ లిపిలో పలక దిద్దించలేదు. అయినా అభిమానులు బొమ్మను ఆపి, ఆ గోడల్నీ బోర్డుల్నీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు. అందుకే అక్కడ గోడమీద ఏం రాస్తున్నారో తెలిసే రాస్తారు.