బండ పట్టే వేళ్లకు రాత్రివేళ వైద్యం

గుట్టలెక్కే పిల్లల వేళ్లు చిట్లినప్పుడు మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఈ గుట్టలెక్కుడు బంద్ చెయ్యి బిడ్డా, చేతులెట్లయినయో చూడు" అన్నది పెద్దల మాట. "ఇది మామూలే, పట్టీ చుట్టుకుంటే సరిపోతది" అన్నది పిల్లల మాట. ఈ రెండూ వైద్యం కావని మా అభిప్రాయం. వేలు చిట్లడం శౌర్యచిహ్నం కాదు. అంతమాత్రాన ఎక్కడమే మానుకోవలసిన ఉపద్రవమూ కాదు. చర్మం చిట్లబోయే ముందు కొన్ని రోజులుగా సూచనలిస్తూనే ఉంటుంది. ఆ సూచనలను గమనించి, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కేటాయించిన ఇంట ఈ బాధ చాలవరకు కలుగదు.

గార్ల, మహబూబాబాదు ప్రాంతాల పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. భూపాలపల్లి జిల్లాలో రేగొండ సమీపాన గల పాండవుల గుట్టలు ఆదిమానవుల చిత్రాలకు ప్రసిద్ధి. అదే గుట్టల ఇసుకరాతి గోడలపై బండలెక్కే క్రీడ కూడా సాగుతున్నది. ఇక భువనగిరి ఏకశిల సంగతి చెప్పనవసరం లేదు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చినది ఆ బండ మీదనే. ఆనంద్ నాటి ఖమ్మం జిల్లా బిడ్డ. ఆనాడు మన గార్ల కూడా ఆ జిల్లాలోనిదే. గురుకుల పాఠశాలల పిల్లలు సాధించిన ఆ విజయం తరువాత మామూలు ఇళ్లలోనూ ఈ క్రీడ పేరు తెలిసింది. అయితే చేతుల సంరక్షణ మాత్రం ఇంకా ఎవరికీ పట్టలేదు.

అరచేతి చర్మానికి, వేళ్ల లోపలి వైపు చర్మానికి ఒక ప్రత్యేకత కలదు. శరీరంలో తక్కిన చోట్ల చర్మానికి సహజంగా జిడ్డునిచ్చే గ్రంథులుంటాయి. అరచేతిలోను, అరికాలిలోను అవి లేవు. చెమట గ్రంథులు మాత్రం సమృద్ధిగా ఉన్నాయి. అందుచేత అక్కడి చర్మం ఒకసారి ఎండిందంటే తనంతట తాను స్నిగ్ధత పొందజాలదు. బండలెక్కేవారు పట్టు జారకుండా మెగ్నీషియం కార్బొనేట్ అనే తెల్లటి పొడిని చేతులకు పూసుకుంటారు. అది చెమటను పీల్చివేస్తుంది. పైగా మన వద్ద ఎక్కడానికి అనువైన చలికాలపు నెలల్లోనే గాలి కూడా పొడిగా ఉంటుంది. ఒత్తిడి పడినచోట వేళ్లు కాయలు కాస్తాయి. కాయ గట్టిగా, ఎత్తుగా, పొడిగా ఉంటే దాని అంచు రాతి పలుకుకు తగులుకొని చీలుతుంది. లేదా వేలి కణుపు వద్ద, మడత పడేచోట, వంగలేక విచ్చుకుంటుంది. పాండవుల గుట్టల ఇసుకరాయి రేణువులతో గరుకుగా ఉండి చర్మాన్ని అరగదీస్తుంది. ఒకే రోజున ఎక్కువసార్లు ఎక్కితే పై పొర పలచబడి వేలికొనలు మండుతాయి. అక్కడ ఆపినవాడు మరునాడు ఎక్కగలడు.

చేతులు కాళ్లు పగిలి తీవ్రంగా నొప్పి పెట్టడాన్ని చరకసంహిత విపాదిక అన్నది. కుష్ఠాల చికిత్స చెప్పిన అధ్యాయంలో దీనిని పేర్కొన్నందున పాఠకులు భయపడనవసరం లేదు. కుష్ఠమనే ఆ మాట ప్రాచీనుల దృష్టిలో అనేక చర్మరోగాలను కలుపుకున్నది. బండ వల్ల చిట్లిన వేలు అచ్చంగా ఆ వ్యాధియే అనలేము. కాని ఆ శాస్త్రకారుడు సూచించిన లేపనాన్ని పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జీవంతి, మంజిష్ఠ, మ్రానిపసుపు మొదలైన వాటితో నెయ్యి, నూనె కలిపి కాచి, చివర సర్జరసమనే చెట్టు బంకను, తేనెమైనాన్ని చేర్చమన్నాడు. నేడు విదేశాలలో పర్వతారోహకుల కోసం చిన్న డబ్బాలలో అమ్మే లేపనాలలో చాలావాటికి మూలద్రవ్యం ఆ తేనెమైనమే. నూనె చర్మాన్ని మెత్తబరుస్తుంది. మైనం పైన పొరగా నిలిచి లోపలి తేమను పోనీయదు. ఒకటి లేక మరొకటి సగం పనియే చేస్తుంది. చరకుని యోగంలో మైలుతుత్తం కూడా ఉన్నది. కనుక దానిని ఇంట్లో వండే ప్రయత్నం ఎంతమాత్రం చేయరాదు. కావలసినవారు వైద్యుని సలహాపై తయారైన ఔషధాన్నే తెచ్చుకొనవలెను.

ఇంటికి చాలినది ఇంతకంటె సులభం. నువ్వుల నూనె నాలుగు భాగాలు, శుభ్రమైన తేనెమైనం ఒక భాగం తీసుకొనవలెను. నూనె 80 గ్రాములైతే మైనం 20 గ్రాములు. నీళ్లు కాగుతున్న గిన్నెలో మరొక చిన్న గిన్నెనుంచి అందులో ఈ రెండింటిని కరిగించవలెను. మైనం 65 డిగ్రీల లోపుననే కరుగుతుంది గనుక నేరుగా మంట మీద పెట్టి మాడ్చుకొనడం వృథా, ప్రమాదం కూడా. ఒక చుక్కను చల్లని పళ్లెం మీద వేసి చూస్తే గట్టిదనం తెలుస్తుంది. మరీ గట్టిపడితే కొంచెం నూనె చేర్చవచ్చు. తడిలేని డబ్బాలో పోసి చల్లారనీయవలెను. తేనెమైనం దొరకని ఇళ్లలో శతధౌత ఘృతం చక్కగా పనిచేస్తుంది. రాగి పళ్లెంలో ఆవునెయ్యి వేసి, మంచినీళ్లు పోసి మర్దించి, ఆ నీరు వంచివేస్తూ నూరుసార్లు కడిగితే తెల్లని వెన్నవంటి లేపనం తయారవుతుంది. దానికి ఓపిక కావాలి, ఆదివారం కావాలి!

అసలు సంగతి మందులో కంటె వేళలో ఉన్నది. ఎక్కబోయే ముందు చేతికి నూనె రాసిన తల్లి ప్రేమతోనే రాస్తుంది; కాని ఆ జిడ్డు బండమీద పట్టును జార్చుతుంది. తాడు పట్టుకొని కింద నిలిచినవారి చేతిలో మరొకరి ప్రాణం ఉంటుందని మరువరాదు. కాబట్టి పగలు పొడి చేయి, రాత్రి జిడ్డు చేయి. గుట్ట దిగగానే తెల్లపొడి పోయేలా మామూలు స్నానపు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. బట్టల సబ్బుతో కాదు. మెత్తని గుడ్డతో అద్ది, పడుకునే ముందు లేపనం రాసి, పలుచని నూలు తొడుగు వేసుకొనవలెను. ఉదయం కడిగివేయవలెను. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టి, మడమలు రుద్దే రాతితో కాయల ఎత్తును మాత్రం తగ్గించవలెను. కాయను పూర్తిగా తీసివేయరాదు. అది చేతికి కవచం. బ్లేడుతో కోయడం మహా చెడ్డ అలవాటు.

చిట్లిన తరువాత మొదటి మందు ఆపడం. సబ్బు, మంచినీళ్లతో కడిగి, రక్తం ఆగేవరకు శుభ్రమైన గుడ్డతో ఒత్తి పట్టవలెను. పైన విచ్చుకొని వేలాడే చర్మపు అంచును పరిశుభ్రమైన చిన్న కత్తెరతో తీసివేయవచ్చు. తెరిచిన గాయంపై పెట్రోలియం జెల్లీ రాసి కట్టుకట్టి, రోజూ మార్చుతుంటే సామాన్యమైన చీలిక వారం పది రోజులలో కూడుకుంటుంది. ఇంట్లో చేసిన లేపనం చర్మం మూసుకున్న తరువాతనే. ఇక మన ఇళ్లలో అలవాటైన సున్నం పసుపు సంగతి: సున్నం చర్మాన్ని కాల్చే క్షారం, చిట్లినచోట దానికి పనిలేదు. డబ్బాలోని వంటపసుపు గాయం కోసం శుద్ధి చేసినది కాదు, పైగా ఎండగడుతుంది. నిమ్మచెక్క రుద్దడం ఓర్పుకు పరీక్షే తప్ప చికిత్స కాదు. కొందరు యువకులు వస్తువులంటించే జిగురును చీలికలో పోస్తున్నారు. ఆసుపత్రులలో గాయాలు అతికించే జిగురు వేరు, అంగట్లో దొరికేది వేరు.

ఆడపిల్లల విషయంలో మరొక మాట వినిపిస్తుంది: చేతులు ఇలా కాయలు కాస్తే చూడవచ్చినవారు ఏమంటారని. ఈ మాటతో ఒక పిల్ల శిక్షణ మానిపించడం మాకు ఏమాత్రం సమ్మతం కాదు. పైన చెప్పినట్లు చూసుకున్న చేయి మోటుగా మారదు. మారినా అది కష్టించిన చేయి.

అదే ఇంట్లో రోజూ అంట్లు తోమే ఆమె వేళ్లను ఒకసారి చూడండి. సబ్బుపొడికి జిడ్డంతా పోయి, అవే కణుపుల వద్ద అవే చీలికలు. గార్ల పరిసరాలలో మిరపకాయలు కోసేవారి చేతులకైతే చీలికలో కారం కూడా చేరుతుంది. కారం నీటిలో కరుగదు, నూనెలో కరుగుతుంది గనుక ముందు నూనెతో తుడిచి, పిదప సబ్బుతో కడిగితే మంట త్వరగా తగ్గుతుంది. పిల్లవాడి కోసం లేపనం కాచే గృహిణి రెండో డబ్బా నింపడానికి అదనంగా పట్టేది కొద్దిపాటి నూనె, మైనం.

వేలు ఎర్రబడి వేడిగా ఉండి సలుపుతున్నా, చీము పట్టినా, చేతిమీదుగా ఎర్రని గీత పైకి పాకినా, జ్వరం వచ్చినా, వేలు వంగకున్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లవలెను. మధుమేహం గలవారు చిన్న చీలికనైనా చూపించుకోవాలి. ధనుర్వాతపు టీకా మన దేశంలో పిల్లలకు 10, 16 ఏళ్ల వయస్సులో కూడా వేస్తారు; మట్టి చేరిన గాయమై, చివరి టీకా ఎప్పుడో గుర్తులేకపోతే వైద్యుని అడగవలెను. ఎక్కడం మానిన రెండు వారాలకు కూడా పగుళ్లు తగ్గక దురద పెడుతుంటే అది తామర కావచ్చు, చుట్టుకున్న పట్టీ జిగురు పడకపోవడం కావచ్చు. డబ్బాలోని లేపనం ముక్కవాసన వేసిన రోజున పారవేసి కొత్తది కాచుకొనవలెను.