పొగాకు శాంతి నిచ్చునా?

“చుట్ట కాల్చనిదే ఆయనకు మనసు కుదుటపడదు” అనెడి మాట మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. పొగాకు నోటిని, ఊపిరితిత్తులను చెఱచునని అందఱు నెఱుగుదురు. అది మనసునకు శాంతి నొసగునను నమ్మకము మాత్రము చెక్కుచెదరక యున్నది. ఈ మాసమున ఆ నమ్మకమునే విచారింప దలచితిమి.

మన పెద్దలు చెప్పిన సప్తవ్యసనములలో పానము కలదు గాని పొగాకు లేదు. పోర్చుగీసువారి మూలమున అది మన దేశమునకు వచ్చి 1600 ప్రాంతమున వ్యాపింపసాగినది. అయినను ఆ యేడింటిలో వాక్పారుష్యము, అనగా కఠినముగా మాటలాడుట, కలదు. పొగాకు దానిని వెంటబెట్టుకొనియే యింట ప్రవేశించును. అదెట్లో చూతము.

పొగాకులోని నికోటిన్ అను పదార్థము పొగతో కూడి కొలది సెకనులలోనే మెదడును చేరి క్షణకాలము హాయి గొలుపును. సుమారు 2 గంటలలో రక్తమందలి నికోటిన్ సగమునకు దిగును. అలవాటుపడిన మెదడు దానిని కోరుటచే చిరాకు, ఆందోళన, పనిపై మనసు నిలువకుండుట పొడసూపును. మరల చుట్ట వెలిగింపగా నవి యణగును. కాల్చువారు “చుట్ట నా చింతను పోగొట్టినది” అనుకొందురు. ఆ చింతలో కొంత తెచ్చిపెట్టినదియు చుట్టయే. ఇంటికి నిప్పు పెట్టినవాడే నీళ్లు చల్లి మెప్పు పొందినట్లున్నది!

ఇది పురుషులకే పరిమితము కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చెడి అడ్డపొగ అలవాటు స్త్రీలలోనే హెచ్చు. పొడుము పీల్చు అత్తగారికిని, తాంబూలముతో పొగాకు నమలు అమ్మమ్మకును ఈ బంధమే కలదు.

మానదలచినవారికి మొదటి మూడు దినములు మిక్కిలి కష్టము. కోపము, నిద్రలేమి, దిగులు కలుగును. “ఈ కోపము మేము పడలేము, ఒకటి కాల్చుకొనుడు” అని ఇంటివారే ప్రయత్నమును చెఱచుట కలదు. అది వారి స్వభావము కాదు, వదలిపోవుచున్న మత్తు లక్షణము. రెండు మొదలు నాలుగు వారములలో చాలవఱకు తగ్గును. మానినవారి ఆందోళనయు దిగులును మునుపటికంటె తగ్గినవని, అనేక పరిశీలనలను కూర్చి చూచిన పరిశోధకులు 2014లో వెల్లడించిరి.

కావున ఆ దినములలో ఎదురుమాట వలదు. లోగడ మానలేకపోయిన సంగతి యెత్తవలదు. సోంపో, ఏలకులో చేతికందునట్లుంచుడు. భోజనానంతరము, చుట్ట జ్ఞప్తికి వచ్చు వేళ, నాలుగడుగులు తోడుగా నడువుడు. ప్రభుత్వము 2016లో నెలకొల్పిన 1800 112 356 అను ఉచిత ఫోనునకు పలికి సలహా పొందవచ్చును. దిగులు వారములు గడచినను తగ్గనిచో వైద్యునికి చూపింపవలయును.

మన యింటివారిచే ఈ అలవాటు మాన్పించిన సోదరీమణులు, ఆ మొదటి మూడు దినములు ఎట్లు గడపిరో మాకు వ్రాసిన, తోడి పాఠికల కెంతయు నుపకరించును.